పదకొండేళ్ళ రసీదు బుక్కులు ముందరేసుకొని కూర్చున్నా, మా దాతలు పెరుగుతున్నారా తరుగుతున్నారా ఎట్టా తెలుసుకునేది?

రసీదుబుక్కు_కావలి

అందరికీ నమస్తే. కావలి పక్కన ఒక చిన్న ట్రస్టులో లెక్కలు రాస్తుంటా, పేరెందుకులే, జీతం గీతం ఏం లేదు, రిటైరైనాక ఇంట్లో ఖాళీగా కూర్చోలేక దిగినా. మాకుండే పని రెండే, ముసలోళ్ళకి మధ్యాన్నం భోజనం, పిల్లకాయలకి సాయంత్రం ట్యూషన్. 2014 నుంచి నడస్తా ఉంది. మొదట్లో అంతా రసీదు బుక్కులే, 2019 నుంచి ఎక్సెల్, మొన్న ఎండాకాలం సెలవల్లో ఇద్దరు డిగ్రీ పిల్లకాయల్ని కూర్చోబెట్టి పాత బుక్కులన్నీ కూడా ఎక్సెల్లోకి ఎక్కించినాం.

అసలు గొడవేందంటే పోయిన నెల కమిటీ మీటింగులో ప్రెసిడెంటు గారేమో "మొత్తం పెరిగింది, మనం బాగుండాం" అన్నాడు, సెక్రటరీ అమ్మేమో "పాతోళ్ళు ఒక్కరు కూడా కనపడటం లేదు, రెండేళ్ళలో మూసుకోవాల" అన్నది. ఇద్దరి చేతుల్లో ఉండేది నేనిచ్చిన ఒకే షీటు. ఇంతకీ మొత్తం ఎందుకు పెరిగిందంటే గ్రానైట్ ఆయన ఒకాయన కూతురి పెళ్ళికని ఒకేసారి 3 లక్షలు ఇచ్చినాడు, అది తీసేస్తే కథ వేరే.

నేను తెలుసుకోవాలనుకునేది మొత్తం కాదు. 116 రాయించుకొని మొదలెట్టినోడు ఇప్పుడు ఎంత ఇస్తన్నాడు, ఎన్నేళ్ళకి పెంచినాడు, ఎక్కడ ఆగినాడు, ఎవరికి ఫోన్ చేస్తే మళ్ళీ వస్తాడు. ఏప్రిల్ నుంచి మార్చి లెక్కన పేరుకి ఒక లైను పెట్టి పివట్ టేబుల్ చేసినా. అది చూస్తే తల తిరిగింది. ఒకాయన 22-23లో రెండుసార్లు ఇచ్చినాడు, 23-24లో సున్నా, 24-25లో మళ్ళీ రెండుసార్లు. ఇట్టాంటోళ్ళు ఒకరు కాదు, చానామంది ఉండారు. ఈయన పెరిగినట్టా, అలిగి పోయి మళ్ళీ వచ్చినట్టా? నా ఎంట్రీలే తప్పేమో అని రెండు రాత్రులు కార్బన్ కాపీలు తిరగేసినా, తప్పు లేదు.

తెలిసినోళ్ళు చెప్పండి, కొంచెం నాకర్థమయ్యేటట్టు.

చీమకుర్తి_గురుడు

ఆ 3 లక్షలాయన మా ఊరోడే అయ్యుంటాడు 😀 అన్నా, ముందు ఆయన్ని షీట్లోంచి తీసి పక్కన పెట్టు. సగటు చూడబాక, అందర్నీ చిన్న నుంచి పెద్దకి వరసలో నిలబెట్టి మధ్యలోడు ఎంత ఇచ్చినాడో చూడు, ఎక్సెల్లో మీడియన్ అంటారు. లారీ ఎక్కినంత మాత్రాన సైకిళ్ళ స్పీడు పెరగదు గదా.

పెన్నా_గట్టు

నెల్లూరోడినే, హైదరాబాదులో డేటా పని, మా నాన్న వాళ్ళ గుడి కమిటీకి ఒకసారి ఇదే చేసిపెట్టా కాబట్టి చెప్తున్నా.

మీ రెండు-సున్నా-రెండు ఆయన సంగతి ముందు. ఆయన రసీదుల మీద తారీఖులు ఒకసారి చూడండి, ఉగాదికి ఇచ్చేవాడేమో అని నా డౌటు. ఉగాది 2022లో ఏప్రిల్ 2, 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. ఇప్పుడు ఏప్రిల్-మార్చి లెక్కలో వేసి చూడండి. 22-23లో రెండు ఉగాదులు పడ్డాయి, 23-24లో ఒక్కటీ లేదు, 24-25లో మళ్ళీ రెండు. ఆ మనిషి ఒక్క ఉగాది కూడా తప్పలేదు, మన ఆడిట్ సంవత్సరమే పండగ మీద నుంచి అటూ ఇటూ గెంతింది. మీరేమో ఆయన్ని 23-24లో "ఆగిపోయినోళ్ళు" లిస్టులో వేసుంటారు. మనకాడ సగంమంది పండక్కో తద్దినానికో తిథి ప్రకారం ఇస్తారు, రొట్టెల పండగప్పుడు ఇచ్చేవాళ్ళకైతే మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతానే ఉంటది. కాబట్టి దాత పెరుగుదల చూసేటప్పుడు ఆర్థిక సంవత్సరం మర్చిపోండి, అది ఆడిటర్ కోసం ఉంచండి.

దాని బదులు ప్రతి మనిషికీ వాడి సొంత గడియారం పెట్టాలి. వాడు మొదటిసారి ఇచ్చిన రోజే వాడికి సున్నా. మిన్‌ఇఫ్స్ ఫార్ములాతో ప్రతి దాతకీ మొదటి తారీఖు పక్క కాలమ్‌లో (నిలువు వరసలో) తెచ్చుకోండి, తర్వాత ప్రతి రసీదు తారీఖులోంచి అది తీసేసి 365తో భాగించండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, నేనూ మొదట బోర్లాపడ్డా. వచ్చిన అంకెని ఇంట్ ఫార్ములాతో కిందికి కోసేయకూడదు, రౌండ్ చెయ్యాలి. ఎందుకంటే రెండు ఉగాదుల మధ్య ఒకసారి 354 రోజులు, అధిక మాసం వస్తే 384 రోజులు. 2020 ఉగాదికి మొదలెట్టినోడికి 2022 ఉగాది 738వ రోజు, 2023 ఉగాది 1092వ రోజు. కిందికి కోస్తే రెండూ "2వ ఏడు" లోనే పడి 3వ ఏడు ఖాళీ అంటది, మళ్ళీ అదే రోగం. రౌండ్ చేస్తే 2, 3 అని సరిగ్గా కూర్చుంటాయి.

ఇది అయినాక మొదటి రసీదు ఏ ఏడాదిదో దాన్ని బట్టి బ్యాచ్‌లు చెయ్యండి. డేటావాళ్ళు కోహార్ట్ అంటారు, మనం టెన్త్ బ్యాచ్ లాగా 2016 బ్యాచ్, 2018 బ్యాచ్ అనుకుందాం. ఊరికే ఉదాహరణకి 2018 బ్యాచ్‌లో 40 మంది అనుకోండి, ఏడాది తర్వాత 16 మంది మిగిలారు, రెండేళ్ళకి 13, మూడేళ్ళకి 12, నాలుగేళ్ళకి 12. ఈ వరస ఎక్కడ జారింది, ఎక్కడ నిలబడింది చూడండి. దాదాపు ఎక్కడ చూసినా పెద్ద జారుడు మొదటి చందాకీ రెండో చందాకీ మధ్యనే ఉంటది. అమెరికాలో ఫండ్‌రైజింగ్ ఎఫెక్టివ్‌నెస్ ప్రాజెక్ట్ అని దీని లెక్కలే తీస్తుంటారు, అక్కడ కూడా కొత్తగా ఇచ్చినోళ్ళలో మళ్ళీ ఏడు తిరిగొచ్చేది పావు వంతో ఇంకా తక్కువో, కాబట్టి మీ దగ్గర సగం పోతే సెక్రటరీ అమ్మని భయపడొద్దని చెప్పండి. రెండోసారి ఇచ్చినోడు మాత్రం అంత తేలిగ్గా పోడు.

ఇంకోటి, ఈ ఏడు చేరినోళ్ళకి ఇంకా ఏడాది నిండలేదు, వాళ్ళని "తిరిగి రాలేదు" లెక్కలో వెయ్యకండి. ఫలితం రాని పిల్లోడిని ఫెయిల్ అన్నట్టుంటది.

టాలీ_బావ_ఒంగోలు

పై ఆయన చెప్పింది బాగుంది గానీ అది తర్వాతి మెట్టు, మొదటి మెట్టు పేర్లు. ఒంగోల్లో ఆడిట్ ఆఫీసులో పదేళ్ళబట్టి ట్రస్టుల ఫైళ్ళు చూస్తన్నా కాబట్టి చెప్తన్నా, నెల్లూరు జిల్లాలో పెంచలయ్యలు, మా కందుకూరు వైపు మాలకొండయ్యలు, పేరు పట్టుకొని ఎక్సెల్ చేస్తే ఊరంతా ఒకటే మనిషి అయిపోతాడు. ఇంకో పక్క ఒకే మనిషి మూడు ముక్కలవుతాడు, రసీదులో ఇంటిపేరు లేకుండా ఒకసారి, ఇంటిపేరుతో ఒకసారి, 2020 లాక్‌డౌన్ తర్వాత ఫోన్‌పేలో కొడుకు పేరు మీద ఇంకోసారి. అప్పుడు షీటు ఏం చెప్తది? తండ్రి ఆగిపోయాడు, కొత్త కుర్రోడు చేరాడు అని. ఇంట్లో మాత్రం అదే బీరువా, అదే డబ్బు.

అందుకని మనిషికి కాదు, ఇంటికి ఒక నంబరు వెయ్యండి. ఫోన్ నంబరుతో మొదలుపెట్టండి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఫోన్ నంబరు రాకపోయినా యూపీఐ ఐడీ ఉంటది, ఆ ఐడీ ఎవరిదో ఒక్కసారి కనుక్కొని పక్కన రాసుకుంటే చాలు. మీకు 80జీ, అంటే దాతలకి ఇన్‌కంటాక్స్‌లో మినహాయింపు వచ్చే రిజిస్ట్రేషన్, ఉందా? ఉంటే సగం పని అయిపోయినట్టే. 2021-22 నుంచి ఫారం 10బీడీ అని దాతల లిస్టు ఇన్‌కంటాక్స్ వాళ్ళకి వేస్తా వచ్చారు గదా, మే 31 లోపల వెయ్యకపోతే రోజుకి 200 ఫీజు పడేది, అందులో దాత పేరు, అడ్రసు, పాన్ గానీ ఆధార్ గానీ, నగదా బ్యాంకా, ఎంత, అన్నీ ఉంటాయి. అదే మీ శుభ్రమైన లిస్టు, దానికి పాత బుక్కుల్ని కలుపుకుంటా వెనక్కి పొండి. ఈ షీటు మాత్రం కమిటీ వాట్సాప్ గ్రూపులో పడెయ్యబాకండి, జనం పాన్ నంబర్లుంటాయి అందులో.

ఇంకో మాట. ఎవరన్నా ఇచ్చేది తగ్గించినా, మార్చి ఆఖరి వారంలో ఇచ్చేవాళ్ళు తగ్గినా వెంటనే "మన మీద నమ్మకం పోయింది" అని ఏడవబాకండి. 2000 దాటి నగదు ఇస్తే ఇచ్చినాయనకి 80జీ రాదు. 2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డీఫాల్టు అయింది, అందులో ఉండేవాళ్ళకి 80జీ మినహాయింపే లేదు. టీచర్లు, బ్యాంకోళ్ళు చానామంది అందులోకి పోయారు. వాళ్ళలో పన్ను కోసం ఇచ్చేవాళ్ళు ఎవరో, మనసుతో ఇచ్చేవాళ్ళు ఎవరో ఇప్పుడు తేలతది, ఒక రకంగా మంచి పరీక్షే. మీ షీట్లో 2023 ఏప్రిల్ దగ్గర ఒక గీత గీసి ముందూ వెనకా విడిగా చూడండి.

రసీదుబుక్కు_కావలి

పెన్నా గట్టు గారూ మీరు దేవుడు. ఆ రెండు-సున్నా-రెండు ఆయన రసీదులు తీసినా, అన్నీ ఉగాది రోజువో ముందురోజువో. 2020లో 1116తో మొదలెట్టినాడు, 2021లో అంతే, 2022లో అంతే, 2023లో 2116, ఇప్పుడు 5116. ఇంత చక్కటి మనిషిని ఆగిపోయాడని రాసినా, సిగ్గేసింది.

టాలీ బావా, పెంచలయ్య పేరుతో మాకు 14 మంది ఉండారు, మీ మాట నిజం.

రెండు డౌట్లు. ఒకటి, 2021 నవంబర్లో పెన్నకి వరద వచ్చినప్పుడు మేము నెల్లూరు వైపు భోజనం పొట్లాలు పంపినాం, అప్పుడు కొత్తోళ్ళు 140 మంది దాకా ఇచ్చినారు, 2022లో వాళ్ళలో ఏడుగురే. ఈ బ్యాచ్ వల్ల మా రిటెన్షన్, అదే మళ్ళీ ఇచ్చేవాళ్ళ శాతం, పాతాళానికి పోయింది. రెండోది, ఐదేళ్ళు దాటినోళ్ళ సగటు చందా కొత్తోళ్ళ కంటే రెండింతలుంది, కాబట్టి మనతో ఉండేకొద్దీ జనం పెంచుతారని మీటింగులో చెప్పొచ్చా?

పెన్నా_గట్టు

రెండోది చెప్పకండి! అందరూ పడే గుంత అదే. పదిమంది మొదలెట్టారు అనుకోండి, ఆరుగురు 500, నలుగురు 2000. సగటు 1100. మూడేళ్ళకి 500 వాళ్ళలో ఐదుగురు వెళ్ళిపోయారు. మిగిలిన ఐదుగురి సగటు 1700. ఎవ్వరూ ఒక్క రూపాయి పెంచలేదు, చిన్నోళ్ళు వెళ్ళిపోయారంతే, షీటు చూస్తే మాత్రం భలే పెరిగినట్టుంటది. కాబట్టి ఈ రోజు మీతో ఉన్నోళ్ళని తీసుకొని, వాళ్ళదే మొదటి చందా, వాళ్ళదే ఇప్పటి చందా, పక్కపక్కన పెట్టి చూడాలి. కొత్తోళ్ళతో పోల్చకూడదు.

అది చూసేటప్పుడు ఇంకోటి కనపడతది. మనోళ్ళు ఏటా పది శాతం ఇరవై శాతం అని పెంచరు. మీ ఉగాది ఆయన్నే చూడండి, మూడేళ్ళు 1116 దగ్గర కదలకుండా కూర్చొని తర్వాత ఎగిరాడు. 116, 516, 1116, 2116, 5116, ఇవి మెట్లు. మధ్యలో 1250 అని ఎవ్వరూ రాయించరు. కాబట్టి సగటు పెరుగుదల ఎంత శాతం అని తీస్తే పిచ్చి అంకె వస్తది, దాని బదులు ఈ ఏడు ఎంతమంది మెట్టు ఎక్కారు, ఎంతమంది దిగారు, ఎంతమంది అక్కడే ఉన్నారు అని మూడు కుప్పలు పోసి లెక్కబెట్టండి. ఎక్కినోళ్ళు ఎక్కేముందు ఏం జరిగిందో పక్కన ఒక కాలమ్ పెట్టి రాయండి, తెలిస్తేనే రాయండి, ఊహించి రాయకండి.

వరద బ్యాచ్‌ని ఏటేటా వచ్చేవాళ్ళలో కలపొద్దు, విడిగా పెట్టండి. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను వచ్చింది గదా, అప్పుడు మీరేమన్నా సేకరించారా? ఆ 140 మందిలో ఎంతమంది అప్పుడు ఇచ్చారో చూడండి ఒకసారి.

గుంటకాడ_కాపలా

నేను లెక్కల మనిషిని కాదు, మాది కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలు, అయితే మీరు మాట్లాడుకునే ఆ "దాత"ని నేనే కాబట్టి నా మాట కూడా వినండి. మేము ఏటా ఒక తారీఖుకి ఇవ్వలేం అయ్యా. గుంటలో రొయ్యలు పట్టినాక, లెక్క తేలినాక, మేతోడికి హేచరీవోడికి కట్టినాక మిగిలితే ఇస్తాం. రొయ్యలకి తెల్ల మచ్చ రోగం వస్తే నలభై రోజులకే గుంట ఖాళీ, ఆ పంటకి మాకే దిక్కుండదు. 2025 ఆగస్టులో అమెరికావోడు మన సరుకు మీద టారిఫ్, అదే దిగుమతి సుంకం, 50 శాతం చేసినాక రేటు ఎట్టా పడిందో ఇక్కడ అందరికీ తెలుసు. ఆ టైములో నేనిచ్చే ఒక ట్రస్టు నుంచి, ఎవరని చెప్పన్లే, మెసేజీ వచ్చింది, మీరు మమ్మల్ని మర్చిపోయారు, మీరు లేక వెలితిగా ఉంది అని, కింద క్యూఆర్ కోడ్. నాకు ఒళ్ళు మండింది. అంతకు ముందు పంటకే 10,000 ఇచ్చినా, దానికి రసీదు రావడానికి మూడు నెలలు పట్టింది, ఇది మాత్రం టయానికి వచ్చింది.

నేను ఎట్టా పెరిగినానో కూడా చెప్తా, రాసుకోండి. ఇంకో చోట, మొదట టీ కొట్టుకాడ ఎవరో రసీదు బుక్కు ముందు పెడితే మొహమాటానికి 500 ఇచ్చినా. మూడేళ్ళు అదే 500, అదే మొహమాటం. నాలుగో ఏడు మా నాయన అబ్దికం రోజున వచ్చి మీరే వడ్డించండి అంటే పోయినా. ఒక ముసలాయన పప్పు రెండోసారి వేయించుకొని, ఉప్పు తగ్గింది అన్నాడు. మా నాయన కూడా అంతే, ఎవరింటికి పోయినా ఉప్పు గురించి మాట్లాడకుండా లెయ్యడు. ఆ ఏటినుంచి ఆ రోజు భోజనం మొత్తం నాదే, పంట వచ్చినా పోయినా. మిగతా డబ్బు పంటని బట్టి. మీ ఎక్సెల్లో నేను ఒకడిని, కానీ నా దగ్గర రెండు రకాల డబ్బు ఉంది, ఒకటి తిథి డబ్బు, ఒకటి గుంట డబ్బు. రెండూ కలిపి చూస్తే నేను మీకు ఎప్పటికీ అర్థం కాను.

టాలీ_బావ_ఒంగోలు

ఈ చివరి మాటకి నా పదేళ్ళ సర్వీసు దండగ. కాలమ్ పేరు "దేనికోసం" అని పెట్టి ప్రతి రసీదుకీ నింపండి అన్నా.

డల్లాస్_కందుకూరోడు

ఒక చిన్న పాయింట్. నేను మా ఊరి స్కూలు పిల్లల ట్రస్టుకి ఎనిమిదేళ్ళు పంపాను, తర్వాత ఆపేశాను, వాళ్ళ లెక్కలో నేను ఆగిపోయినోడినే. కారణం నాకు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నన్నాళ్ళూ నా డబ్బు విదేశీ విరాళం కాదు, పౌరసత్వం మారిన రోజు నుంచి అది ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కిందకి వస్తది, ఓసీఐ కార్డు ఉన్నా అంతే, ఆ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేదు, ఉంటేనే ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ అకౌంట్లో తీసుకోవచ్చు. ఎవరూ ఫోన్ చేసి అడగలా, నేనూ చెప్పలా. ఇప్పుడు మా అమ్మ తన పెన్షన్లోంచి ఇస్తా ఉంది, ఆమెని కొత్త దాత అని రాసుకొని ఉంటారు. బయటి దేశం వాళ్ళు మీ లిస్టులో ఉంటే పౌరసత్వం అని ఒక కాలమ్ కూడా పెట్టుకోండి, అది లెక్క కోసమే కాదు, చట్టం కోసం కూడా.

రసీదుబుక్కు_కావలి

పదిరోజుల తర్వాత వస్తన్నా, ఏమనుకోబాకండి. ఇళ్ళకి నంబర్లు వేసేసరికే వారం పట్టింది, మా ఇంటామె డైనింగ్ టేబుల్ మీద కార్బన్ కాపీలు తీస్తే గానీ అన్నం పెట్టనన్నది.

వరద బ్యాచ్ 140లో మిచాంగ్ తుఫానప్పుడు 38 మంది మళ్ళీ ఇచ్చినారు, మేము పెద్దగా అడగను కూడా లేదు, గ్రూపులో ఒక ఫోటో పెట్టినామంతే. మధ్యలో రెండేళ్ళు వాళ్ళకి మేము ఉగాదికీ సంక్రాంతికీ భోజనాల కోసం మెసేజీలు కొడతానే ఉన్నాం, దానికి మాత్రం పలకలా. వాళ్ళు పోలేదు, నీళ్ళొస్తే వస్తారు.

ఇళ్ళ లెక్కన చూస్తే "ఆగిపోయినోళ్ళు" మూడో వంతు తగ్గిపోయారు, అంతా కొడుకులూ కోడళ్ళ ఫోన్‌పేలే. సెక్రటరీ అమ్మ పాతోళ్ళు కనపడటం లేదన్నది గదా, కనపడటం లేదు నిజమే, డబ్బు మాత్రం ఆ ఇళ్ళ నుంచే వస్తా ఉంది. ప్రెసిడెంటు గారి పెరుగుదల మాత్రం గ్రానైట్ ఆయన్ని తీసేస్తే లేదు, మీడియన్ ఆరేళ్ళుగా 1116 దగ్గరే నిలబడి ఉంది. మెట్టు ఎక్కినోళ్ళు ఎవరా అని తీస్తే చానావరకు అబ్దికానికో పుట్టినరోజుకో ఒకసారి వచ్చి వడ్డించి పోయినోళ్ళే, గుంట అన్న చెప్పినట్టే. అయితే మనసుండబట్టే వచ్చినారా, వచ్చినందువల్ల మనసైందా అనేది షీట్లో తేలదు, అందుకని మీటింగులో ఆ మాట గట్టిగా అనలా. ఈ దసరాకి మెట్టు మీద ఆగిన ఓ ముప్పై ఇళ్ళని పిలిచి, ఇంకో ముప్పై ఇళ్ళని పిలవకుండా చూద్దామన్నా, ప్రెసిడెంటు గారు "పిలవని ముప్పై మందికి తెలిస్తే?" అన్నాడు. అదీ నిజమే. చీట్లు వేసి తీద్దాం, మిగతావాళ్ళని సంక్రాంతికి పిలుద్దాం అని ఒప్పుకున్నారు.

ఇంకా నిజంగా ఆగిపోయినోళ్ళు అని 23 ఇళ్ళు మిగిలినాయి. నిన్న ఫోన్లు మొదలెట్టినా. మొదటి ఫోనే జలదంకి వైపు ఒక పెద్దాయనకి, బాగుండారా సార్, ఈ మధ్య మావైపు రాలేదు అన్నా. "వచ్చినాను గదయ్యా, పోయిన రెండు ఉగాదులకీ మీ కుర్రోడు ఇంటికొచ్చి రసీదు రాసిచ్చి తీసుకపొయ్యాడు, బుక్కు నంబరు 37, చదవమంటావా?" అన్నాడు. నా షీట్లో 36 తర్వాత 38 ఉంది. షీట్లోకి ఎక్కించేటప్పుడు నేనూ చూసుకోలా.

వెతికితే 37 మా పాత వాలంటీర్ ఇంట్లో అటక మీద దొరికింది, డబ్బు బ్యాంకులో కట్టేసి ఉండాడు పాపం, బుక్కు ఇవ్వడమే మరిచినాడు, నేను అది "వివరాలు తెలియని జమ" కింద రాసుకొని ఉండా. అందులో 61 రసీదులు. మా ఇంటామెకి ఇంకా చెప్పలా, రేపు మళ్ళీ డైనింగ్ టేబుల్ కావాల.